స్వీకరణ నుండి ప్రదానానికి: కబ్బాలా సాధనలో స్వార్థ పరివర్తన

1. ప్రస్తావన

యూదుల మార్మిక సంప్రదాయానికి 'కబ్బాలా' అని పేరు. హీబ్రూ భాషలో ఈ మాటకు 'స్వీకరించడం', 'స్వీకరింపబడినది' అని అర్థం. గురువు నుండి శిష్యుడు అందుకొన్న విద్య అనే భావంతో అది వ్యవహారంలోకి వచ్చింది. ఇదే భావానికి తెలుగులో వాడే 'సంప్రదాయం' అనే తత్సమ పదం 'దా' ధాతువు నుండి ఏర్పడింది. ఇవ్వడం ఆ ధాతువుకు అర్థం. విద్య ఒక తరం నుండి మరొక తరానికి చేరే ప్రక్రియను హీబ్రూ భాష అందుకొనేవాని వైపు నుండి చూడగా, సంస్కృతం ఇచ్చేవాని వైపు నుండి చూచింది. పేరులోనే స్వీకరణను నిలుపుకొన్న కబ్బాలా, ఇరవయ్యవ శతాబ్దికి చెందిన ఒక ప్రముఖ వ్యాఖ్యాత చేతిలో, స్వీకరణేచ్ఛనే మానవుని మూలసమస్యగా గుర్తించి ప్రదానాన్ని సాధనకు లక్ష్యంగా నిర్ణయించింది. ఆ వ్యాఖ్యాత యెహూదా అష్లాగ్ (1885–1954).

అష్లాగ్ రచనలు ఒక పాత నైతిక ప్రశ్నను పదునుగా ముందుకు తెస్తాయి. మానవుడు స్వభావరీత్యా స్వార్థపరుడే అయితే, అతడు నిస్స్వార్థాన్ని కోరడం ఎలా సాధ్యం? కోరినచో ఆ కోరిక కూడా తన ఉన్నతి కోసమే గనుక అది స్వార్థంలో భాగమే కదా? స్వార్థాన్ని విడిచిపెట్టి మోక్షాన్నో, దైవసాన్నిధ్యాన్నో, కనీసం ఆత్మసంతృప్తినో పొందాలనుకొనే సాధకుడు చిన్న లాభాన్ని పెద్ద లాభానికి మార్చుకొన్న వర్తకుడు మాత్రమే కాడా? ఈ ప్రశ్నకు అష్లాగ్ ఇచ్చిన సమాధానాన్ని వివరించడం, ఆ సమాధానం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదవిచారణ

ఈ విషయాన్ని తెలుగులో చర్చించేటప్పుడు మొదట ఎదురయ్యే చిక్కు పరిభాషకు సంబంధించినది. 'అహంకారాన్ని విడిచి పరోపకారం వైపు సాగడం' అన్నప్పుడు తెలుగు పాఠకుని మనసులో మూడు అర్థాలు మెదులుతాయి. వ్యవహారంలో అహంకారం అంటే గర్వం. సాంఖ్యంలో అది మహత్తు నుండి పుట్టే ఒక తత్త్వం. వేదాంత సంప్రదాయంలో దేహాదులతో ఏర్పడే 'నేను' అనే తప్పుడు తాదాత్మ్యం. జ్ఞానం కలిగితే తొలగిపోయేది. అష్లాగ్ చెప్పేది ఈ అర్థాలలో దేనికీ సరిపోదు. ఆయన ప్రధానంగా వాడిన హీబ్రూ పారిభాషికం 'రత్సోన్ లెకబ్బేల్'. దీనికి 'స్వీకరించాలనే ఇచ్ఛ' అని అర్థం. 'కబ్బాలా', 'లెకబ్బేల్' అనే రెండు మాటలూ ఒకే ధాతువుకు చెందినవి. దీనికి ఎదురుగా నిలిచేది 'రత్సోన్ లెహష్పీయా', అనగా ఇవ్వాలనే ఇచ్ఛ. ఈ వ్యాసంలో వీటిని వరుసగా స్వీకరణేచ్ఛ, ప్రదానేచ్ఛ అని వ్యవహరించడం జరిగింది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోమ్ట్ పరహితాన్ని సూచించడానికి రూపొందించిన 'ఆల్ట్రూయిజం' అనే మాటను, దానికి ఎదురైన 'ఇగోయిజం' అనే మాటను అష్లాగ్ కూడా తన సామాజిక రచనలలో వాడారు. అయితే ఆయన వాదానికి ఆధారం ఈ ఐరోపా పదాలలో కాక, పై రెండు హీబ్రూ పారిభాషికాలలో ఉంది. గర్వం ఒక దోషం. తాదాత్మ్యం ఒక భ్రాంతి. స్వీకరణేచ్ఛ దోషమూ కాదు, భ్రాంతీ కాదు. అష్లాగ్ దృష్టిలో అది సృష్టికి ఉపాదానం. మట్టి లేకుండా కుండ లేనట్లే ఈ ఇచ్ఛ లేకుండా జీవి లేదు. కనుక దానిని నిర్మూలించడమనే ప్రసక్తి ఈ దర్శనంలో తలెత్తదు.

3. అష్లాగ్ నేపథ్యం

కబ్బాలా సాహిత్యంలో శిఖరప్రాయమైన గ్రంథం 'జొహర్'. దానిలో అధిక భాగం అరమాయిక్ భాషలో ఉంది. సంప్రదాయం దానిని రెండవ శతాబ్దికి చెందిన రబ్బీ షిమోన్ బార్ యొహాయికి ఆపాదిస్తుంది. గెర్షొమ్ షోలెం వంటి ఆధునిక పరిశోధకులు దాని ప్రధాన భాగం పదమూడవ శతాబ్దం చివర కాస్టీల్ ప్రాంతంలో మోషే దె లియోన్ చేతిలో రూపొందిందని నిర్ణయించారు. పదహారవ శతాబ్దిలో గలిలయ ప్రాంతంలోని సఫెద్ పట్టణం కబ్బాలాకు కేంద్రమైంది. అక్కడ ఐజాక్ లూరియా (1534–1572) బోధించిన విషయాలను ఆయన శిష్యుడు హయీం విటాల్ గ్రంథస్థం చేశారు. అనంతుడైన ఈశ్వరుడు సృష్టికి చోటు కల్పించడానికి సంకోచించడం, దివ్యకాంతిని నిలుపుకోలేక పాత్రలు పగిలిపోవడం, ఆ శకలాలను మానవుడు తన సత్కర్మలతో సరిదిద్దడం అనే మూడు ఘట్టాలు లూరియా బోధనకు ఆధారాలు. వీటిని వరుసగా త్సింత్సుం, షెవిరా, తిక్కూన్ అంటారు.

అష్లాగ్ పోలెండులో హసీదీ వాతావరణంలో పెరిగి, 1920ల తొలినాళ్ళలో జెరూసలేం చేరారు. లూరియా బోధనలపై 'తల్ముద్ ఎసెర్ సెఫిరోత్' అనే బృహద్వ్యాఖ్యను రచించారు. జొహర్‌ను హీబ్రూలోకి తెచ్చి 'సులామ్' అనే వ్యాఖ్య సంతరించారు. సులామ్ అంటే నిచ్చెన. ఆ వ్యాఖ్య పేరు మీదుగానే ఆయన 'బాల్ హసులామ్' అని ప్రసిద్ధులయ్యారు. పరిమిత వర్గానికే తెలిసిన విద్యను సామాన్యులకు అందించాలనే సంకల్పంతో 1933లో 'మత్తన్ తోరా', 'అర్వూత్' వంటి వ్యాసాలను ప్రచురించారు. 1940లో 'హఉమ్మా' అనే పత్రికను వెలువరించగా, ఒక్క సంచికతోనే బ్రిటిష్ మాండేట్ ప్రభుత్వం దానిని నిలిపివేసింది. ఒకవైపు అతిసూక్ష్మమైన మార్మిక వ్యాఖ్య, మరొకవైపు సమకాలీన సమాజంపై వ్యాసరచన ఆయనలో కలిసి నడిచాయి. ఈ రెండింటినీ కలిపే సూత్రం స్వీకరణ–ప్రదానాల విచారమే.

4. రూపసామ్యం: దగ్గర, దూరం అనే భావనలు

అష్లాగ్ వాదంలో తొలి మెట్టు 'హిష్తవూత్ హత్సూరా', అనగా రూపసామ్యం. భౌతిక జగత్తులో రెండు వస్తువుల మధ్య దూరాన్ని స్థలం నిర్ణయిస్తుంది. ఆధ్యాత్మిక విషయాలలో స్థలం లేదు గనుక సామ్యమే సామీప్యం, భేదమే దూరం. ఒకే దానిని ప్రేమించి, ఒకే దానిని ద్వేషించే ఇద్దరు వ్యక్తులు వేర్వేరు దేశాలలో ఉన్నా సన్నిహితులే. అభిరుచులు పరస్పర విరుద్ధమైన ఇద్దరు ఒకే ఇంట్లో ఉన్నా దూరస్థులే.

ఈ సూత్రాన్ని ఈశ్వరునికీ జీవికీ అన్వయిస్తే ఒక వైరుధ్యం బయటపడుతుంది. ఈశ్వరుడు పరిపూర్ణుడు గనుక ఎవరినుండీ ఏదీ స్వీకరించడు. ఇవ్వడమే ఆయన స్వభావం. ఇచ్చినది అందుకోవడానికి ఏర్పడిన జీవికి స్వీకరణే స్వభావం. అనగా ఈశ్వరుడు జీవికి మేలు చేయాలని సంకల్పించి ఏ ఇచ్ఛను కలిగించాడో, ఆ ఇచ్ఛే జీవిని ఆయనకు అత్యంత దూరస్థుని చేసింది. మేలును అందుకొనే పాత్ర, మేలు చేసేవాని నుండి వేరుచేసే గోడ, రెండూ ఒకటే. అష్లాగ్ దర్శనంలోని సంఘర్షణ అంతా ఇక్కడ ఉంది. పాత్రను పగులగొడితే మేలు అందదు. గోడను నిలిపితే సామీప్యం దక్కదు.

ఈ చిక్కు నుండి బయటపడే మార్గం సంకల్పంలో ఉందని అష్లాగ్ ప్రతిపాదన. కోరిక అలాగే ఉంటుంది. అది ఎవరి కొఱకు పనిచేస్తున్నదన్నది మారుతుంది. కర్మలోని అంతరుద్దేశాన్ని కబ్బాలా 'కవ్వానా' అంటుంది. ఆ దృష్టితో చూస్తే మానవ వర్తన నాలుగు విధాలవుతుంది: తన కొఱకు స్వీకరించడం, తన కొఱకు ఇవ్వడం, ఇతరుల కొఱకు ఇవ్వడం, ఇతరుల కొఱకు స్వీకరించడం. వీటిలో రెండవది లోకంలో దాతృత్వంగా చెలామణి అయ్యేది. కీర్తి కోసమో, ప్రతిఫలం కోసమో, మనశ్శాంతి కోసమో చేసే దానం ఇందులోకి వస్తుంది. మూడవది శుద్ధమైన ఈవి. అయితే అష్లాగ్ దృష్టిలో పరాకాష్ఠ నాల్గవది. ఇచ్చేవాని సంతోషం కొఱకు స్వీకరించినప్పుడు స్వీకరణే ప్రదానమవుతుంది.

తెలుగు వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఈ నాలుగింటి మధ్య భేదం క్రియలో కంటె చతుర్థీ విభక్తిలో ఉంది. 'కొఱకు', 'కై' అనే ప్రత్యయాలు ఏ పదానికి చేరుతున్నాయన్నదే అష్లాగ్ సాధనలోని అసలు ప్రశ్న. పాణిని సంప్రదాన కారకాన్ని నిర్వచించినప్పుడు కూడా, దానం చేసే వస్తువుతో కర్త ఎవరిని ఉద్దేశిస్తున్నాడన్న అంశాన్నే ప్రమాణంగా తీసుకొన్నాడు. వస్తువు చేతులు మారడం ఒక్కటే చాలదు, ఉద్దేశం అవసరమన్న ఈ గుర్తింపు కబ్బాలాను అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకునికి సిద్ధంగా ఉన్న ఉపకరణం. ఉద్దేశంతో పాటు ఉద్దేశింపబడిన వ్యక్తి కూడా అవసరమన్న అంశం ఈ వ్యాసం చివరి భాగంలో ప్రస్తావనకు వస్తుంది.

5. అతిథి దృష్టాంతం

ఈ సూత్రాన్ని వివరించడానికి అష్లాగ్ ఒక గృహస్థు, ఒక అతిథి ఉన్న దృష్టాంతాన్ని చూపారు. అతిథి ఆకలితో ఉన్నాడు. గృహస్థు అతని ముందు ఇష్టమైన పదార్థాలన్నీ పెట్టి తినమంటాడు. అతిథికి తినాలని ఉన్నా, ఒకరి సొమ్ము ఊరికే తినడమన్న సిగ్గు అడ్డుపడుతుంది. అతడు వద్దంటాడు. గృహస్థు మళ్ళీ మళ్ళీ బతిమాలుతాడు. అతడు భుజించకపోతే తన శ్రమ వృథా అవుతుందని, భుజిస్తే తనకెంతో సంతోషమని చెప్తాడు. చివరకు అతిథి గృహస్థును సంతోషపెట్టడానికే తినడం మొదలుపెడతాడు. ఇప్పుడు అతడు స్వీకర్త కాడు, దాత.

ఈ సిగ్గుకు యూదు సంప్రదాయంలో 'నహామా దెకిసూఫా' అని పేరు. అరమాయిక్‌లో 'సిగ్గుతో కూడిన రొట్టె' అని దీని అర్థం. కష్టపడకుండా ఒకరి తిండి తినేవాడు పెట్టినవాని ముఖం చూడలేడన్న జెరూసలేం తల్ముద్ భావనకు ఇది చేరువైనది. తిరస్కరించే శక్తికి అష్లాగ్ వాడిన పారిభాషికం 'మసఖ్', అనగా తెర. తెర మీద పడి వెనుకకు మరలిన కాంతి 'ఓర్ హోజేర్'. అతిథి వద్దనడం తెర. గృహస్థు సంతోషం కొఱకు తినాలనే సంకల్పం మరలిన కాంతి. లూరియా చెప్పిన త్సింత్సుం కూడా అష్లాగ్ వ్యాఖ్యానంలో, స్వీకరణేచ్ఛ తన కొఱకు స్వీకరించడాన్ని స్వచ్ఛందంగా మానుకోవడమనే అర్థాన్ని సంతరించుకొంది.

దృష్టాంతంలో ఒక అంశం ప్రత్యేకంగా గమనింపదగినది. అతిథికి ఆకలి లేకపోతే అతడు గృహస్థుకు సంతోషాన్ని ఇవ్వలేడు. మొక్కుబడిగా రెండు ముద్దలు తిని లేచిన అతిథి వల్ల గృహస్థు సంతోషించడు. ఆకలి ఎంత గాఢమైతే ఇవ్వగల సంతోషం అంత అధికం. కనుక కోరికను క్షీణింపజేసే తపస్సుకు ఇక్కడ పెద్ద విలువ లేదు. ఫలాసక్తిని విడిచి కర్మ చేయాలన్న గీతోక్త మార్గానికీ దీనికీ ఉన్న భేదం కూడా ఇక్కడే స్పష్టమవుతుంది. రెండింటిలోనూ కర్త ఫలాన్ని తనకై కోరడు. అయితే అష్లాగ్ అతిథి ఫలంపట్ల సమభావం వహించడు. అతడు దానిని నిండా రుచి చూడాలి. ఆ రుచిలోనే గృహస్థుకు చెల్లింపు ఉంది.

6. మొదటి ఆక్షేపం: సిగ్గు కూడా స్వార్థమే కదా?

దృష్టాంతం అందంగా ఉన్నంత మాత్రాన వాదం నిలబడదు. అతిథి తిండిని ఎందుకు తిరస్కరించాడు? సిగ్గుపడి. సిగ్గు ఎవరి గురించి? తన గురించే. తాను యాచకుడుగా కనిపించకూడదన్న తపన ఆత్మగౌరవానికి సంబంధించినది. అది గృహస్థుపట్ల ప్రేమ కాదు. ఆ లెక్కన తెర కూడా స్వీకరణేచ్ఛ నేసిన వస్త్రమే. ప్రస్తావనలో చెప్పిన వర్తకుడు మళ్ళీ ఎదురవుతాడు.

అష్లాగ్ ఈ ఆక్షేపాన్ని తోసిపుచ్చరు; అంగీకరిస్తారు. తల్ముద్ నుండి వచ్చిన 'లో లిష్మా', 'లిష్మా' అనే భేదాన్ని ఆయన ఆశ్రయించారు. ధర్మాన్ని ధర్మం కొఱకే ఆచరించడం లిష్మా. వేరే ప్రయోజనం కొఱకు ఆచరించడం లో లిష్మా. రెండవదానితో ప్రారంభించినవాడు మొదటిదానికి చేరుకోగలడని తల్ముద్ ఆచార్యుల అభిప్రాయం. చిన్నవారికీ అవగాహన లేనివారికీ మొదట భయాన్నీ బహుమానాన్నీ చూపి నేర్పి, జ్ఞానం పెరిగేకొద్దీ ప్రేమతో సేవించడాన్ని క్రమంగా తెలియజేయాలని పన్నెండవ శతాబ్దపు తత్త్వవేత్త మైమోనిడీస్ తన ధర్మశాస్త్ర గ్రంథంలో విధించారు. అష్లాగ్ దీనిని ఉదాహరిస్తూ, స్వార్థం సాధనకు శత్రువుగా మాత్రమే గాక తొలి వాహనంగా కూడా ఉంటుందని వివరించారు.

అయితే వాహనం ఎంత దూరం వస్తుంది? స్వార్థం స్వార్థాన్ని దాటించగలదా? దాటించలేదన్నదే అష్లాగ్ సమాధానం. సాధకుడు తన శ్రమతో చేయగలిగినది తన అశక్తతను స్పష్టంగా గుర్తించడం, మార్పును గాఢంగా అర్థించడం. స్వభావాన్ని మార్చే శక్తి ధర్మగ్రంథాధ్యయనంలో నిక్షిప్తమైన దివ్యకాంతికే ఉంది. ఇక్కడ ఒక విచిత్ర స్థితి ఏర్పడుతుంది. ఇచ్చే శక్తిని సాధకుడు స్వీకరించవలసి ఉంది. ప్రదానానికి ముందు నిలిచే చివరి మెట్టు కూడా స్వీకరణే.

దీనిని వాదదౌర్బల్యంగా భావించవచ్చు. హేతువుతో మొదలైన విచారణ చివరికి అనుగ్రహాన్ని ఆశ్రయించిందనవచ్చు. అయినా ఈ సమాధానంలో నిజాయితీ ఉంది. పరహితం సులభమని గాని, సంకల్పించగానే సిద్ధిస్తుందని గాని అది చెప్పదు. తాను నిస్స్వార్థుడనయ్యానని ప్రకటించుకొనే అవకాశాన్ని కూడా సాధకునికి ఇవ్వదు. ఎందుకంటే ఆ ప్రకటన మళ్ళీ 'తన కొఱకు ఇవ్వడం' అనే రెండవ విధంలో చేరుతుంది.

పైగా దృష్టాంతాన్ని మరొకమారు పరిశీలిస్తే అందులో రెండు వేర్వేరు ఘట్టాలున్నట్లు తెలుస్తుంది. 'వద్దు' అన్న మాట సిగ్గు నుండి వచ్చింది. అది స్వార్థానికి చివరి సరిహద్దు. 'సరే' అన్న మాట సిగ్గు నుండి రాలేదు. గృహస్థు తన మనసులోని కోరికను చెప్పాక వచ్చింది. అంతవరకు అతిథికి తన ఆకలి, తన సిగ్గు మాత్రమే తెలుసు. ఎదుటివానికి కూడా ఒక కోరిక ఉందన్న ఎరుక అప్పుడే కలిగింది. కనుక పరహితానికి బీజం సాధకుని అంతశ్శుద్ధిలో లేదు. మరొకరి కోరికను గుర్తించడంలో ఉంది. అష్లాగ్ ఈ మాటను ఇలా సూత్రీకరించకపోయినా, ఆయన దృష్టాంతం ఈ అర్థానికే దారితీస్తుంది.

7. రెండవ ఆక్షేపం: పొరుగువాడు సాధనమా?

దృష్టాంతంలోని గృహస్థు ఈశ్వరునికి ప్రతీక. ఈశ్వరునికి లోటు లేదు. ఆయనకు సంతోషం కలిగించడమన్నది సాధకుని భావనలో తప్ప వేరొకచోట పరీక్షకు నిలవదు. ఒకే పంక్తిలో ఇద్దరు అతిథులు ఒకే తీరుగా భుజిస్తుంటే ఎవరు తన కొఱకు తింటున్నారో, ఎవరు గృహస్థు కొఱకు తింటున్నారో చూచేవారు చెప్పలేరు. తినేవాడు సైతం తనను తాను మోసగించుకోవచ్చు.

ఈ ప్రమాదాన్ని గుర్తించినందువల్లనే అష్లాగ్ 'మత్తన్ తోరా' వ్యాసంలో పొరుగువానిపట్ల ప్రేమకు ప్రాధాన్యమిచ్చారు. లేవీయకాండంలో ఉన్న ఆ ఆజ్ఞను రబ్బీ అకీవా ధర్మశాస్త్రమంతటికీ మహాసూత్రంగా భావించాడు. ఒంటికాలిపై నిలిచినంత సేపట్లో ధర్మమంతా నేర్పమన్న పరదేశికి హిల్లెల్ కూడా ఇదే భావాన్ని బోధించాడు. దైవానికి సంబంధించిన విధులు నియతమైనవి గనుక అలవాటుగా మారిపోతాయని, అలవాటైన కర్మ మనిషిని మార్చలేదని అష్లాగ్ అంటారు. తోటివారికి సంబంధించిన విధులు అలా కావు. అవి అనుదినం కొత్త రూపం ధరిస్తాయి. ఎటు తిరిగినా అడుగుతూనే ఉంటాయి. అందువల్ల లక్ష్యాన్ని చేర్చడంలో అవి ఎక్కువ సమర్థమైనవి.

వాదం బలమైనదే గాని ఇక్కడే ఒక నైతిక ప్రమాదం పొంచి ఉంది. పొరుగువాడు దైవసామీప్యానికి దారి అయితే, అతడు దారి మాత్రమే అవుతాడు. సాధకుడు అతనికి అన్నం పెట్టేది అతని ఆకలి తీర్చడానికా, తన స్వభావాన్ని మార్చుకోవడానికా? రెండవదే అయితే ఆకలిగొన్నవాడు వ్యాయామశాలలోని బరువు వంటివాడు. పుణ్యం కొఱకు యాచకుని వెదకే దాతను లోకం ఎరుగును. ఆధ్యాత్మిక ఉన్నతి కొఱకు పొరుగువానిని వెదకే సాధకుడు అతనికంటె ఎంతో భిన్నుడు కాడు.

ఈ ఆక్షేపానికి సమాధానం అష్లాగ్ సిద్ధాంత భాగంలో కంటె ఆయన ఎన్నుకొన్న ఒక ఉదాహరణలో లభిస్తుంది.

8. ఒక్క దిండు

'తనను ప్రేమించుకొన్నట్లే' అన్న ఆజ్ఞకు పరిమాణం ఏమిటి? తన అవసరాలు తీరాక మిగిలినది ఇవ్వడమా, తనతో సమానంగా పంచుకోవడమా? అష్లాగ్ దీనికి హీబ్రూ దాసునికి సంబంధించిన ప్రాచీన ధర్మాన్ని ఉదాహరించారు. యజమాని వద్ద ఒక్కటే దిండు ఉంటే దానిని తాను వాడుకోకూడదు. ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టినా ధర్మం నెరవేరదు. దాసునికి ఇవ్వాలి. తల్ముద్ వ్యాఖ్యాతలు చేసిన ఈ నిర్ణయం నుండి అష్లాగ్ ఒక కఠినమైన నిర్ధారణకు వచ్చారు: సమత్వం చాలదు, ఉన్నది ఒక్కటే అయినప్పుడు ఎదుటివాని అవసరమే ముందు.

ఈ ఉదాహరణలో పరహితం కవ్వానా దగ్గర ఆగిపోలేదు. దిండు దాసుని తల కిందికి చేరింది. యజమాని సంకల్పం శుద్ధమైనదైనా కాకపోయినా ఆ రాత్రి దాసుడు సుఖంగా నిద్రిస్తాడు. సంకల్పం ఎంత శుద్ధమైనదైనా దిండు చేతులు మారకపోతే దాసునికి నిద్ర ఉండదు. కనుక సంకల్పం కర్త స్వభావాన్ని నిర్ణయిస్తుందే తప్ప కర్మ ఫలించిందో లేదో నిర్ణయించదు. దానిని నిర్ణయించేది సంప్రదానం, అనగా గ్రహీత అవసరం. 'కొఱకు' అనే ప్రత్యయం ఒంటరిగా నిలవదు. దానికి ముందు ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి లోటును నిజమైనదిగా చూచినప్పుడే పొరుగువాడు సాధనం కాకుండా పోతాడు.

అందరూ తమ దిండును ఇతరులకు ఇచ్చివేస్తే ఎవరి తల కింద దిండు ఉంటుందన్న ప్రశ్న సహజం. ఒంటరి మనిషికి ఈ ధర్మం ఆచరణసాధ్యం కాదని అష్లాగ్ కూడా ఒప్పుకొంటారు. దానికి పరిష్కారంగా ఆయన చూపినది 'అర్వూత్', అనగా పరస్పర పూచీ. సీనాయి పర్వతం వద్ద ధర్మాన్ని స్వీకరించినవారు ఆరు లక్షల మంది అన్నది సంప్రదాయం. ఒక్కని అవసరాలు చూడడానికి ఆరు లక్షల మంది సిద్ధంగా ఉన్నప్పుడు ఆ ఒక్కడు తన గురించి భయపడనక్కరలేదు. ఆ భయం తొలగినప్పుడే అతడు ఇతరుల గురించి ఆలోచించగలడు. స్వార్థానికి మూలం దురాశ కంటె అభద్రత అన్న గుర్తింపు ఈ వాదంలో దాగి ఉంది. వ్యక్తిగత సాధనగా కనిపించిన కబ్బాలా ఇక్కడ సమాజ నిర్మాణ ప్రశ్నగా మారింది. అష్లాగ్ కుమారుడు బారుఖ్ అష్లాగ్ (1907–1991) సాధకబృందానికి ఇచ్చిన ప్రాముఖ్యం కూడా ఈ భావనకు కొనసాగింపే.

సమకాలీన సోవియట్ ప్రయోగాన్ని అష్లాగ్ ఈ దృష్టితోనే విమర్శించారు. అందరూ శక్తి మేరకు శ్రమించి అవసరం మేరకు పొందడమన్న ఆదర్శం ఆయనకు సమ్మతమే. కాని తనకై శ్రమించే మనిషిని ఆ స్వార్థమే నడిపిస్తుంది. ఇతరులకై శ్రమించే మనిషిని నడిపించేదేది? ఆ ప్రేరకశక్తి లేనిచోట బలవంతం తప్పదని, బలవంతంతో నిలిపిన సమత్వం మన్నదని ఆయన అభిప్రాయం. ప్రేరకశక్తిగా ఆయన చూపినది దైవసామీప్య కాంక్షను. దానిని అంగీకరించనివారు కూడా ఆయన వేసిన ప్రశ్నను దాటవేయలేరు.

దిండు ఉదాహరణకు ఉన్న పరిమితిని కూడా చెప్పవలసి ఉంది. దిండును దాసునికి ఇచ్చిన యజమాని మరునాడు కూడా యజమానిగానే ఉంటాడు. దాస్యం దాస్యంగానే ఉంటుంది. ఒక మనిషి మరొక మనిషికి సొంతం కావడాన్ని ప్రశ్నించకుండా, ఆ సంబంధం లోపలే త్యాగాన్ని కొలిచే ప్రమాణం అసంపూర్ణం. అష్లాగ్ ఈ ధర్మాన్ని ప్రేమకు కొలతగా మాత్రమే ఉదాహరించారన్నది నిజం. అయినా ఔదార్యం న్యాయానికి ప్రత్యామ్నాయం కాదన్న హెచ్చరికను ఈ ఉదాహరణ తెలియకుండానే వినిపిస్తుంది. అర్వూత్ పరిధి గురించి కూడా ఇటువంటి ప్రశ్నే తలెత్తుతుంది. అది ఇశ్రాయేలు జనంతో ప్రారంభమై చివరకు సర్వమానవాళికి విస్తరించాలని అష్లాగ్ ప్రతిపాదించారు. ఎక్కడ ప్రారంభమైందన్నదాని కంటె ఎక్కడ ఆగిపోయిందన్నదే ఏ ధర్మానికైనా పరీక్ష.

9. ఉపసంహారం

స్వార్థపరుడు నిస్స్వార్థాన్ని ఎలా కోరగలడన్న ప్రశ్నకు అష్లాగ్ కబ్బాలా సమాధానాన్ని ఇలా సంగ్రహించవచ్చు. స్వీకరణేచ్ఛ మానవునికి ఉపాదానం గనుక దానిని నిర్మూలించలేము. దాని ఉద్దేశాన్ని మార్చవచ్చు. ఆ మార్పు స్వార్థంతోనే మొదలవుతుంది గాని స్వార్థం వల్ల పూర్తికాదు. మార్పుకు పరీక్షాస్థలం ప్రార్థనామందిరం కంటె పొరుగిల్లు. ఆ పరీక్షలో నెగ్గడానికి అవసరమైన నిర్భయత్వాన్ని పరస్పర పూచీ గల సమాజం కల్పించాలి.

ఈ విచారణ నుండి తేలే మరొక అంశం, సంకల్పశుద్ధిని గురించిన అతిచింత కూడా స్వార్థానికి ఒక రూపం కాగలదన్నది. తన ఉద్దేశం శుద్ధమైనదా కాదా అని తనలోనికే చూచుకొంటున్న దాత ఆ సేపు గ్రహీతను చూడడం లేదు. అతిథి దృష్టాంతంలో మలుపు అతిథి తనను తాను శోధించుకోవడం వల్ల రాలేదు. గృహస్థు మాట వినడం వల్ల వచ్చింది. అష్లాగ్ వ్యాఖ్యానంలో ఆధునిక పాఠకునికి మిగిలే విలువైన అంశం ఇదేనని భావించవచ్చు.

తెలుగులో ఈ సాహిత్యాన్ని పరిచయం చేసేవారు దీనిని 'అహంకార నాశనం' అనే పరిచితమైన మాటతో సరిపుచ్చితే ఈ దర్శనంలోని ప్రధాన భేదం మరుగున పడుతుంది. అహంకారాన్ని నశింపజేసుకోవడం ఒక మనిషి ఒంటరిగా చేయగల పని కావచ్చు. స్వీకరణను ప్రదానంగా మార్చుకోవడానికి మాత్రం ఎదురుగా మరొక మనిషి, అతని నిజమైన అవసరం ఉండి తీరాలి. యజమాని ఆ రాత్రి తన మనసును ఎంత శోధించుకొన్నా, దాసునికి కావలసినది దిండు.